మహబూబ్‌నగర్‌లో వాయించిన గిటారుకు నల్గొండలో ఆంప్: రీ-ఆంపింగ్ చేసే పద్ధతి

నల్గొండ రామగిరిలో మా ఇంటి మీది గదిలో పాటలు రికార్డు చేస్తాను. యూట్యూబ్‌లో పెట్టే జానపద పాటలే ఎక్కువ. బతుకమ్మ ముందు ఒక ఊపు, క్రిస్మస్ ముందు చర్చి పాటలతో ఇంకో ఊపు ఉంటుంది. నాకు గిటారు వాయించే తమ్ముడు ఉండేది మహబూబ్‌నగర్‌లో. ఒక్క రిఫ్ కోసం కల్వకుర్తి, దేవరకొండ మీదుగా బస్సెక్కి రమ్మంటే అతని పొద్దంతా దారిలోనే పోతుంది. అందుకే తన ఇంట్లోనే గిటారును నేరుగా ఆడియో ఇంటర్‌ఫేస్‌కు (గిటారును, మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె) పెట్టి, ఏ ఎఫెక్టూ లేని పచ్చి సిగ్నల్ రికార్డు చేసి పంపుతాడు. దాన్ని ఇక్కడ మోడలర్ (గిటారు యాంప్లిఫయర్‌ను, అంటే ఆంప్‌ను, లెక్కలతో అనుకరించే పరికరం) గుండా పంపి, ఆంప్ సౌండ్ ఎక్కించి మళ్లీ రికార్డు చేసుకుంటాను. రీ-ఆంపింగ్ అంటే ఇంతే. ఆ పచ్చి ట్రాక్‌ను డీఐ అంటాం.

దూరం ఒక కారణమైతే, రెండో కారణం అంతకన్నా పెద్దది. డప్పు, గొంతు పడకముందు గిటారుకు ఎంత డిస్టార్షన్ కావాలో ఎవరికీ తెలియదు. అన్నీ పడ్డాక సింగర్ హెడ్‌ఫోన్ తీసి, "అన్నా, గిటారు జర పల్చగ వినబడుతుంది, మందం చెయ్యరాదే" అంటాడు. డీఐ చేతిలో ఉంటే అది పది నిమిషాల పని. లేకపోతే గిటారు తమ్ముడికి ఫోన్ చేసి, మళ్లీ అదే మూడ్‌లో వాయించమని బతిమాలాలి.

రికార్డు చేసిన సిగ్నల్‌ను గిటారు స్థాయికి దించి ఆంప్‌కు పంపే పెట్టెను రీ-ఆంప్ బాక్సు అంటారు. ఈ పద్ధతికి పేరు తెచ్చిన ఆ పెట్టెను అమెరికన్ రికార్డింగ్ ఇంజనీర్ జాన్ కునిబెర్టి 1990ల్లో తయారు చేశాడు. ఇప్పుడు ఆ పేరు రేడియల్ కంపెనీ చేతిలో ఉంది. అప్పట్లో ఆ పెట్టె అవతల నిజమైన ట్యూబ్ ఆంప్, దాని ముందు మైకు ఉండేవి. మనకు వాటి బదులు మోడలర్ ఉంది. పక్కింటి వాళ్లు గొడవకు రారు, మధ్యాహ్నం ఎండలో తలుపులు మూసుకొని చెమటలు కార్చే పని లేదు.

నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఒకటే. తనకు వస్తున్నది కంప్యూటర్‌లోని ఫైల్ అని మోడలర్‌కు తెలియకూడదు, గిటారే గుచ్చారని అనుకోవాలి. అలా అనుకోవాలంటే గిటారు ఎంత వోల్టేజీ ఇచ్చేదో అంతే వోల్టేజీ దాని ఇన్‌పుట్‌కు అందాలి. మిగతాదంతా కేబుళ్లు మార్చడమే. లెవెల్ తప్పితే మాత్రం ఎంత ఖరీదైన మోడలర్ అయినా బొమ్మ గిటారులా మోగుతుంది. తర్వాత ఎన్ని ప్రీసెట్లు (సేవ్ చేసి పెట్టుకున్న సెట్టింగులు) మార్చినా ఆ లోటు తీరదు.

పచ్చి ట్రాక్ ఎట్లా ఉండాలి

గిటారును ఇంటర్‌ఫేస్‌లో ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌కే పెట్టాలి. కొన్నింటి మీద ఇన్‌స్ట్ అని, కొన్నింటి మీద హై-జెడ్ అని రాసి ఉంటుంది. ఆ ఇన్‌పుట్ ఇంపీడెన్స్, అంటే సిగ్నల్‌కు అది చూపే నిరోధం, దాదాపు 1 మెగాఓమ్ ఉంటుంది. లైన్ ఇన్‌పుట్ అయితే కొన్ని పదుల కిలోఓమ్‌లే. మామూలు పికప్‌ను లైన్ ఇన్‌పుట్‌కు పెడితే దాని మీద భారం పడి పైస్థాయి మెరుపు చచ్చిపోతుంది. అలా పోయినదాన్ని ఈక్వలైజర్‌తో వెనక్కి తెచ్చినా అది గిటారులా ఉండదు. గదిలో కండెన్సర్ మైకు వాడి ఉంటే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఆపి మొదలుపెట్టండి.

24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టండి. వీడియోకు ఎటూ 48 కావాలి. గట్టిగా వాయించినప్పుడు పీక్ మైనస్ 12 డీబీ దాటకుండా చూసుకుంటే చాలు. మైనస్ 20లో ఉన్నా కంగారు లేదు, 24 బిట్‌లో చోటు బోలెడు. ఎర్ర లైటు మాత్రం ఒక్కసారి కూడా వెలగకూడదు. పచ్చి ట్రాక్ క్లిప్ అయితే, అంటే లెవెల్ హద్దు దాటి తెగిపోతే, ఆంప్ దాన్ని దాచదు, పైకి లేపి చూపిస్తుంది.

వాయించేవాడు మాత్రం పచ్చి సౌండ్ వింటూ వాయించకూడదు. ఇది చాలామంది పట్టించుకోరు. డిస్టార్షన్ చెవిలో పడుతుంటేనే చెయ్యి దానికి తగ్గట్టు ఆడుతుంది. పామ్ మ్యూట్ (అరచేతి అంచుతో తీగలను అణచడం) ఎంత నొక్కాలి, నోటు ఎంతసేపు నిలబెట్టాలి అన్నది చెవి చెబుతుంది. పచ్చి సౌండ్ వింటూ వాయిస్తే అవసరానికి మించి గట్టిగా కొడతారు. అందుకే సాఫ్ట్‌వేర్‌లో ఏదో ఒక ఆంప్ ప్లగిన్ పెట్టుకొని వినమంటాను. ఉచితంగా దొరికే న్యూరల్ ఆంప్ మోడలర్ చాలు. ప్లగిన్ ట్రాక్ మీద కూర్చుంటుంది కాబట్టి వినబడేది ఆంప్, రికార్డయ్యేది పచ్చి సిగ్నల్. ఆ విన్న సౌండ్‌ను కూడా విడిగా ఒక ఫైల్ చేసి పంపమంటాను. అతని మనసులో ఏముందో నాకు తెలుస్తుంది.

ఫైల్ పాట మొదటి సెకను నుంచే మొదలవ్వాలి, గిటారు మూడో నిమిషంలో వచ్చినా సరే. వాట్సాప్‌లో ఆడియోగా పంపితే నొక్కేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపాలి, లేదా డ్రైవ్‌లో పెట్టాలి. రెండు రిథమ్ గిటార్లు కావాలంటే రెండుసార్లు వాయించాలి. ఒకే డీఐని రెండు ఆంపుల గుండా పంపి కుడి ఎడమలకు తోస్తే రెండు గిటార్లు అయిపోవు. అది ఒక చెయ్యి వాయించిన ఒకే గిటారుగానే వినబడుతుంది.

మోడలర్‌కే యూఎస్‌బీ ఉంటే

ఇది తేలిక దారి, ముందు దీన్నే ప్రయత్నించండి. ఇప్పుడొచ్చే మోడలర్లు చాలావరకు తమంతట తామే ఆడియో ఇంటర్‌ఫేస్‌లు. యూఎస్‌బీ తీగలో ఒకేసారి నాలుగైనా, ఎనిమిదైనా ఛానెళ్లు పోతుంటాయి. వాటిలో కొన్ని ఎఫెక్టులు పడిన సౌండ్‌కు, కొన్ని పచ్చి గిటారుకు కేటాయించి ఉంటాయి. లైన్ 6 వాళ్ల హీలిక్స్ ఫ్లోర్‌లో పచ్చి సిగ్నల్ యూఎస్‌బీ 7, 8 మీద వస్తుంది. హెచ్ఎక్స్ స్టాంప్‌లో 5, 6 మీద వస్తుంది. న్యూఎక్స్ వాళ్ల కొన్ని మోడలర్లలో ఛానెళ్ల లెక్క బదులు మోడ్‌లు ఉంటాయి. పచ్చిగా రికార్డు చేసేటప్పుడు డ్రై అవుట్, తిరిగి పంపేటప్పుడు రీ-ఆంప్ అని మెనూలో మార్చుకోవాలి.

హీలిక్స్ కుటుంబంలో తిరిగి పంపే దారి ఇట్లా ఉంటుంది. డీఐ ట్రాక్ అవుట్‌పుట్‌ను మాస్టర్‌కు పోకుండా తీసేసి, హార్డ్‌వేర్ అవుట్‌పుట్ యూఎస్‌బీ 3కు పెట్టండి. మోడలర్ ప్రీసెట్‌లో మొట్టమొదటి ఇన్‌పుట్ బ్లాక్‌ను గిటారు జాక్ నుంచి యూఎస్‌బీ 3/4కు మార్చండి. ఇంకో కొత్త ట్రాక్ తెరిచి దాని ఇన్‌పుట్ యూఎస్‌బీ 1/2 పెట్టి రికార్డ్‌కు సిద్ధం చేయండి. ప్లే, రికార్డ్ నొక్కితే పాట నడిచినంతసేపు ఆంప్ సౌండ్ ఆ కొత్త ట్రాక్‌లో పడుతుంది. నాలుగు నిమిషాల పాటకు నాలుగు నిమిషాలు కూర్చోవాల్సిందే. ప్లే అవుతుండగానే గెయిన్, ట్రెబుల్ తిప్పుతూ వినొచ్చు, గిటారిస్టు పక్కన నిలబడి అలిసిపోడు. ఈ పనిలో నాకు బాగా నచ్చేది ఇదే.

అప్పటికి ఆ కొత్త ట్రాక్ మీద ఇన్‌పుట్ మానిటరింగ్ (లోపలికి వస్తున్న సౌండ్‌ను సాఫ్ట్‌వేర్ మళ్లీ బయటికి పంపడం) ఆపి ఉంచండి. దాని అవుట్‌పుట్ పొరపాటున మళ్లీ యూఎస్‌బీ 3కే పోతుంటే సౌండ్ గుండ్రంగా తిరిగి చెవులు చిల్లులు పడేలా కూస్తుంది. మొదటిసారి ప్లే నొక్కేటప్పుడు హెడ్‌ఫోన్ మెడలో వేసుకోండి, చెవులకు కాదు.

విండోస్ వాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఏసియో డ్రైవర్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఇంటర్‌ఫేస్‌తో మాట్లాడించేది) ఒక సాఫ్ట్‌వేర్‌లో ఒకసారికి ఒకటే నడుస్తుంది. మీ దగ్గర ఫోకస్‌రైట్ ఇంటర్‌ఫేస్ ఉండి, పక్కన యూఎస్‌బీ మోడలర్ కూడా ఉంటే రెండింటినీ ఒకేసారి తెరవలేరు. రెండింటినీ కలిపి ఒకటిగా చూపించే డ్రైవర్లు ఉన్నాయి గానీ, రెండు గడియారాలు రెండు వేగాల్లో నడుస్తాయి. పాట సగానికి వచ్చేసరికి చిటపటలు మొదలవుతాయి. రీ-ఆంప్ చేసేంతసేపు మోడలర్‌నే ఇంటర్‌ఫేస్‌గా ఎంచుకుని, స్పీకర్లకు బదులు దాని హెడ్‌ఫోన్ జాక్‌లోనే వినండి. పని అయ్యాక మళ్లీ మీ ఇంటర్‌ఫేస్‌కు మారొచ్చు.

మోడలర్‌కు యూఎస్‌బీ ఆడియో లేకపోతే

కొన్ని చవక మోడలర్ల యూఎస్‌బీ ప్రీసెట్లు మార్చడానికే పనికొస్తుంది, ఆడియో పోదు. అప్పుడు తీగలే గతి. ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్‌పుట్ నుంచి రీ-ఆంప్ బాక్సుకు, అక్కడి నుంచి మోడలర్ గిటారు ఇన్‌పుట్‌కు, మోడలర్ అవుట్‌పుట్ నుంచి ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్‌కు. తిరిగి వచ్చే వైపు ఇన్‌స్ట్ బటన్ ఆపి ఉండాలి, ఎందుకంటే ఇప్పుడు వచ్చేది గిటారు కాదు, లైన్ సిగ్నల్.

ఇక్కడ నాలుగు అవుట్‌పుట్లు ఉన్న ఇంటర్‌ఫేస్ విలువ తెలుస్తుంది. ఫోకస్‌రైట్ వాళ్ల స్కార్లెట్ 4ఐ4 ఉంటే 3వ అవుట్‌పుట్‌ను మోడలర్‌కు అంకితం చేసి, 1, 2లో మామూలుగా స్పీకర్లు ఉంచుకోవచ్చు. 2ఐ2 ఉన్నవాళ్లకు అవుట్‌పుట్లు రెండే, అవే స్పీకర్లకు పోతున్నాయి. ఉపాయం ఏమిటంటే డీఐని పూర్తిగా ఎడమకు పాన్ చేసి ఎడమ స్పీకర్ తీగ తీసి దాన్ని మోడలర్‌కు పెట్టడం, మిగతా పాట, తిరిగి వచ్చే సౌండ్ కుడివైపుకు పాన్ చేసుకుని ఒక్క స్పీకర్‌లో వినడం. డైరెక్ట్ మానిటర్ (ఇన్‌పుట్ సౌండ్‌ను నేరుగా అవుట్‌పుట్‌కు పంపే బటన్) ఆపండి. ముందున్న పెద్ద మానిటర్ నాబ్ కూడా ఈ అవుట్‌పుట్ల లెవెల్‌నే మారుస్తుంది కాబట్టి, ఒకసారి లెవెల్ కుదిరాక దాని మీద టేపు అంటించండి. ఎవరో ఒకరు వచ్చి సౌండ్ పెంచడానికి దాన్నే తిప్పుతారు.

రీ-ఆంప్ బాక్సు తప్పనిసరా? ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్‌పుట్ గిటారు కన్నా చాలా బలంగా ఉంటుంది. స్టూడియో పరికరాల్లో లైన్ సిగ్నల్‌కు మామూలు స్థాయి ప్లస్ 4 డీబీయూ, అంటే 1.23 వోల్టులు, పీక్‌లు దాని మీద ఇంకా పోతాయి. సింగిల్ కాయిల్ గిటారు మామూలుగా వాయిస్తే అందులో కొద్ది భాగమే. బాక్సు ఆ బలాన్ని తగ్గిస్తుంది, ఇంపీడెన్స్‌ను గిటారులా పెంచుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నదైతే రెండు పరికరాల గ్రౌండ్‌ను విడదీస్తుంది. మోడలర్‌కే అయితే మొదటి పనిని సాఫ్ట్‌వేర్‌లో ఫేడర్ తగ్గించి చేసుకోవచ్చు. మోడలర్ లోపలి ఫజ్ (గరుకైన డిస్టార్షన్ ఎఫెక్ట్) కూడా లెక్కలే కాబట్టి రెండోది పెద్దగా అక్కరలేదు. కానీ మధ్యలో అసలు ఫజ్ పెడల్ పెట్టాలనుకుంటే బాక్సు లేకుండా మొదలుపెట్టొద్దు. పికప్ ఇంపీడెన్స్‌తో కలిసి పనిచేసే పెడల్ అది, లైన్ అవుట్‌పుట్ చూస్తే దాని గొంతే మారిపోతుంది. బాక్సు లేనివాళ్లు మామూలు మోనో గిటారు కేబుల్ వాడే ముందు, మీ ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌కు మోనో పిన్ పెట్టొచ్చని మాన్యువల్‌లో ఉందో లేదో చూసుకోండి.

లెవెల్ కలపడం

చాలామంది చెవితో కలుపుతారు. బాగుంది అనిపించే వరకు ఫేడర్ పెంచడం, తగ్గించడం. డిస్టార్షన్ ప్రీసెట్ మీద చెవితో కలపడమంటే బియ్యం ఎంతో చూడకుండా ఎసరు పెట్టినట్టే. గెయిన్ ఎక్కువున్న ఆంప్ అన్ని లెవెళ్లనూ ఒకేలా నొక్కేస్తుంది, 6 డీబీ తేడా కూడా లౌడ్‌నెస్‌లో తెలియదు. తేడా తెలిసేది వేళ్లు మెత్తగా పెట్టిన చోట. అక్కడ సౌండ్ శుభ్రం కావాలి, కానీ గరగర వదలదు.

నా పద్ధతికి కావాల్సినవి ఒక ఫోన్, ఒక మల్టీమీటర్, ఫోన్ నుంచి గిటారు జాక్‌కు వచ్చే కేబుల్. హెడ్‌ఫోన్ జాక్ లేని ఫోన్లకు టైప్-సీ డాంగిల్ పెట్టుకోవాలి. కేబుల్ అంటే చిన్న స్టీరియో పిన్ ఒకవైపు, రెండు పీ-38 జాక్‌లు (గిటారు కేబుల్‌కు ఉండే పెద్ద పిన్‌లు) ఇంకోవైపు ఉండేది. కీబోర్డు వాళ్లు వాడేదే. రెండు జాక్‌లలో ఒక్కటే వాడతాం. ఫోన్‌లో 200 హెర్ట్జ్ సైన్ టోన్ ప్లే చేయండి. టోన్ జనరేటర్ యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. ఫోన్‌లో ఈక్వలైజర్, డాల్బీ లాంటివి ఆపేయండి. పీ-38 జాక్ కొన మీద ఒక ప్రోబు, దాని ఒంటి మీద ఇంకో ప్రోబు పెట్టి, ఏసీ వోల్టేజీ 0.2 చూపించే వరకు ఫోన్ వాల్యూమ్ సర్దండి. ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే పసుపు రంగు చవక మీటర్లలో ఏసీ రేంజ్ 200 వోల్టుల దగ్గర మొదలవుతుంది. వాటిలో 0.2 వోల్టు కనబడనే కనబడదు. 2 వోల్టుల ఏసీ రేంజ్ ఉన్నదో, తనంతట తానే రేంజ్ మార్చుకునేదో కావాలి. 200 హెర్ట్జ్ ఎందుకంటే మామూలు మీటర్లు కరెంటు 50 హెర్ట్జ్‌కు దగ్గరగా ఉన్నప్పుడే సరిగ్గా చదువుతాయి, 1 కిలోహెర్ట్జ్ దాటాక కొన్ని అబద్ధాలు చెబుతాయి.

ఇప్పుడు మహబూబ్‌నగర్ తమ్ముడు చేసేది: గిటారుకు గెయిన్ సెట్ చేసుకున్నాక, గిటారు తీసి అదే ఇన్‌పుట్‌కు ఆ 0.2 వోల్టుల టోన్ పెట్టి పది సెకన్లు రికార్డు చేస్తాడు. తర్వాత గిటారు పెట్టి వాయిస్తాడు, గెయిన్ నాబ్ మళ్లీ ముట్టుకోడు. టోన్ ఫైల్, గిటారు ఫైల్ రెండూ నాకు పంపుతాడు. టేపు మీద రికార్డు చేసిన రోజుల్లో రీలు మొదట్లో ఇట్లాగే టోన్ వేసి పంపేవారు. ఇది కొత్త తెలివేమీ కాదు.

ఇక్కడ నేను నా ఫోన్‌తో అదే 0.2 వోల్టుల టోన్‌ను మోడలర్ గిటారు జాక్‌కు పెట్టి, యూఎస్‌బీలోని పచ్చి ఛానెల్ మీద ఎంత పడుతుందో చూస్తాను. ఉదాహరణకు అతని ఫైల్‌లో టోన్ మైనస్ 22 డీబీ ఉంది, నా మోడలర్‌లో మైనస్ 26 వచ్చింది అనుకుందాం. అతని గిటారు ట్రాక్‌ను 4 డీబీ తగ్గించి పంపితే, అతను స్వయంగా వచ్చి నా మోడలర్‌కు గిటారు పెట్టినట్టే. ఇంతకన్నా లెక్క లేదు.

తీగల దారిలో వెళ్లేవాళ్లు పచ్చి ఛానెల్ లేదు కాబట్టి తిరిగి వచ్చే చోట కొలవాలి. మోడలర్‌లో ఏ బ్లాకూ లేని ఖాళీ ప్రీసెట్ పెట్టండి. ముందు ఫోన్ టోన్‌ను నేరుగా మోడలర్‌కు పెట్టి, తిరిగి వచ్చే ట్రాక్ మీద అంకె రాసుకోండి. తర్వాత ఫోన్ తీసేసి, రికార్డు చేసిన టోన్ ఫైల్‌ను ఇంటర్‌ఫేస్ నుంచి పంపండి. అదే అంకె వచ్చేవరకు పంపే ఫేడర్ తగ్గించండి. ఈ రెండు కొలతల మధ్య లైన్ ఇన్‌పుట్ గెయిన్ గానీ, మోడలర్ అవుట్‌పుట్ నాబ్ గానీ కదిలితే మళ్లీ మొదటికి. కుదిరిన ఫేడర్ విలువను ప్రాజెక్టు నోట్స్‌లో రాసుకోండి. ఆ గిటారిస్టు ఆ గెయిన్ మీద పంపిన ప్రతి ఫైల్‌కూ అదే పనికొస్తుంది.

యూఎస్‌బీలో వెళ్లేటప్పుడు దొంగదెబ్బ తీసేది పాన్ లా, అంటే మధ్యలో ఉన్న సౌండ్‌ను సాఫ్ట్‌వేర్ ఎంత తగ్గించాలన్న నియమం. మోనో ట్రాక్‌ను స్టీరియో అవుట్‌పుట్ మధ్యకు పంపితే క్యూబేస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తన అలవాటు ప్రకారం 3 డీబీ తగ్గిస్తుంది. రీపర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ అలవాటుగా తగ్గించదు. మోనో అవుట్‌పుట్‌కు పంపితే ఈ గొడవే లేదు. అనుమానం ఉంటే ఆ టోన్‌నే ఒకసారి పంపి చూడండి, 3 డీబీ ఎక్కడ పోయిందో అదే చెబుతుంది.

మీటరు దొరకకపోతే గిటారునే కొలతగా వాడొచ్చు. ఒకే చేత్తో, ఒకే బలంతో ‘E’ మేజర్ ఓపెన్ కార్డు కొట్టి పీక్‌లు పోల్చుకోవడం. ఒక్కో దెబ్బకు 2, 3 డీబీ అటూ ఇటూ పోతుంది కాబట్టి అంచనాగానే వస్తుంది. ఏమీ లేనిదానికన్నా నయం.

గుర్రు, కరెంటు

యూఎస్‌బీ దారిలో రీ-ఆంప్ చేసేటప్పుడు కొత్తగా గుర్రు పుట్టే చోటు లేదు. గుర్రు ఉంటే డీఐలోనే ఉంది. తీగల దారిలో మాత్రం ఇంటర్‌ఫేస్ గ్రౌండ్, మోడలర్ గ్రౌండ్ కలిసి 50 హెర్ట్జ్ హమ్ వస్తుంది, దాని మీద 100 హెర్ట్జ్ కూడా. ముందు లాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి. చాలాసార్లు అక్కడితోనే పోతుంది. పోకపోతే రెండింటినీ ఒకే స్పైక్ బోర్డు మీదికి తెండి. అప్పటికీ ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న రీ-ఆంప్ బాక్సు కొనాలి. ప్లగ్‌లో ఎర్త్ పిన్ విరగ్గొట్టి హమ్ తగ్గించే వాళ్లను చూశాను. అది సౌండ్ ఇంజనీరింగ్ కాదు, ప్రాణాలతో చెలగాటం.

మన దగ్గర అసలు సమస్య ఎర్త్. ఏప్రిల్, మే వచ్చేసరికి ఎర్త్ గుంట ఎండిపోయి, గిటారు తీగలు ముట్టుకుంటే ఆగే గుర్రు, చెయ్యి తీస్తే పెరిగే గుర్రు మొదలవుతుంది. రెండు బకెట్ల నీళ్లు పోస్తే తేడా వినబడుతుంది. రికార్డింగ్ ఉన్న రోజు పొద్దున్నే పోస్తాను. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వెళితే, అది స్క్వేర్ వేవ్ రకమైతే, సింగిల్ కాయిల్ గిటారు తేనెటీగల తుట్టె అయిపోతుంది. డీఐ తీసుకోవడం ఆపేయండి, కరెంటు వచ్చాక చూద్దాం. కానీ అదే సమయంలో లాప్‌టాప్ బ్యాటరీ మీద పాత ట్రాక్‌లకు ఆంప్ సౌండ్‌లు వెతుక్కోవచ్చు. యూఎస్‌బీ మీదే నడిచే చిన్న మోడలర్ ఉంటే రీ-ఆంప్ కూడా చేసేయొచ్చు.

డీఐలో ఎంత చిన్న రొద ఉన్నా డిస్టార్షన్ దాన్ని లేపి కూర్చోబెడుతుంది. అందుకే రీ-ఆంప్‌కు ముందే డీఐని శుభ్రం చేయాలి. వాయింపు లేని చోట్ల కత్తిరించి, అంచుల్లో చిన్న ఫేడ్ పెట్టాలి. టైమింగ్ సర్దేదీ ఇక్కడే. పచ్చి సిగ్నల్‌లో పెట్టిన క్రాస్‌ఫేడ్ ఆంప్ గుండా పోయాక ఎవరికీ వినబడదు. ఆంప్ పడ్డాక కత్తిరిస్తే తోక తెగినట్టు తెలుస్తుంది.

ఆంప్ సౌండ్ ఎంచుకోవడం

గిటారును సోలో పెట్టి (ఒంటరిగా వింటూ) ఆంప్ సౌండ్ ఎంచుకోవద్దు. డప్పు, గొంతు, కీబోర్డు అన్నీ నడుస్తుండగానే నాబ్‌లు తిప్పాలి. ఒంటరిగా అద్భుతంగా ఉన్న గిటారు, పాటలో డప్పు కర్ర దెబ్బను మింగేస్తుంది. డప్పు పాటల్లో నేను చేసేవి చెబుతాను. గెయిన్ నాకు నచ్చిన చోటు నుంచి ఇంకొంచెం తగ్గిస్తాను. క్యాబినెట్ (ఆంప్ స్పీకరు పెట్టె) తర్వాత 100 నుంచి 120 హెర్ట్జ్ కింద కోసేస్తాను, ఎందుకంటే ఆ కిందిదంతా బేస్‌దీ డప్పు మోతదీ. పైన 6, 7 కిలోహెర్ట్జ్ దగ్గర కోస్తాను, లేకపోతే గజ్జెలు, మంజీరాలతో గీసుకుంటుంది. గొంతు పలుకుతున్న లైన్లలో గిటారు మధ్యస్థాయిని కొద్దిగా తగ్గిస్తాను. చర్చి పాటలకు లెక్క వేరు. శుభ్రమైన ఆంప్, అంచున కొద్దిగా విరుగు, పొడుగాటి డిలే చాలు.

రివర్బ్, డిలేలు లేకుండానే ఆంప్, క్యాబినెట్ వరకు ప్రింట్ (కొత్త ట్రాక్‌గా రికార్డు) చేయండి. డిలే లేకపోతే రిఫ్ అర్థమే మారిపోయే చోట దాన్ని విడిగా ఇంకో ట్రాక్‌గా ప్రింట్ చేస్తే, మిక్స్ చేసేవాడికి తగ్గించుకునే వీలుంటుంది. వాహ్, వాల్యూమ్ పెడల్ వాయింపులో భాగం. వాటిని వాయించినవాడి కాలితోనే రికార్డు చేయించాలి, మనం తర్వాత మౌస్‌తో గీసినా ఆ ఊపు రాదు.

ఆలస్యం సరిచేయడం

సిగ్నల్ బయటికి పోయి లోపలికి వచ్చేసరికి కొద్దిగా ఆలస్యమవుతుంది. తన డ్రైవర్ ఆలస్యాన్ని సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది గానీ, మోడలర్ లోపల జరిగేది దానికి తెలియదు. 48 కిలోహెర్ట్జ్‌లో 48 శాంపిల్స్ అంటే 1 మిల్లీసెకను. ఇది ఒంటరిగా వింటే తెలియదు. కానీ అదే డీఐ నుంచి వచ్చిన రెండు ట్రాక్‌లను కలిపితే 1 మిల్లీసెకను తేడా 500 హెర్ట్జ్ దగ్గర, మళ్లీ 1500 దగ్గర, 2500 దగ్గర గుంటలు తవ్వుతుంది. సౌండ్ డబ్బాలోంచి వచ్చినట్టు అవుతుంది.

కొలవడం సులువు. పాట మొదలవ్వకముందు డీఐ ట్రాక్‌లో ఒక చిన్న క్లిక్ పెట్టండి, మెట్రోనోమ్ క్లిక్ ఒకటి కత్తిరించి పెట్టినా చాలు. రీ-ఆంప్ అయ్యాక రెండు ట్రాక్‌లనూ బాగా పెద్దవి చేసి, క్లిక్ లేచిన చోటు ఎన్ని శాంపిల్స్ తేడాలో ఉందో చూసి, తిరిగి వచ్చిన ట్రాక్‌ను అంత ఎడమకు జరపండి. క్లిక్ మొదటి గీత డీఐలో పైకి లేచి, వచ్చినదాంట్లో కిందికి దిగి ఉంటే పొలారిటీ తిరగబడింది, బటన్ నొక్కి సరిచేయండి. రీపర్‌లో రీఇన్సర్ట్ ప్లగిన్‌కు, క్యూబేస్‌లో ఎక్స్‌టర్నల్ ఎఫెక్ట్‌కు ఈ ఆలస్యాన్ని తమంతట తామే కొలిచే బటన్ ఉంది. ప్రీసెట్ మారితే ఆలస్యం కూడా మారొచ్చు కాబట్టి ప్రతి ప్రింట్‌కూ క్లిక్ చూసుకోవడం మంచిది.

ప్రింట్ అయిన ట్రాక్ పేరులోనే ప్రీసెట్ పేరు, డీఐకి ఇచ్చిన డీబీ తేడా రాస్తాను. ప్రీసెట్ ఫైల్‌ను ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి కాపీ చేస్తాను, ఎందుకంటే మోడలర్‌లో ఆ స్థానం మీద వచ్చే నెల ఇంకేదో సేవ్ చేసేస్తాం. డీఐ ట్రాక్‌ను తీసేయకుండా మ్యూట్ చేసి ఉంచుతాను. మిక్సింగ్‌కు హైదరాబాద్ పంపేటప్పుడు ఆంప్ ట్రాక్, డీఐ, టోన్ ఫైల్ మూడూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, టోన్ 0.2 వోల్టులు, 200 హెర్ట్జ్ అని ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసి పంపుతాను. అక్కడివాళ్లకు నా ఆంప్ సౌండ్ నచ్చకపోతే వాళ్ల ఆంప్ గుండా వాళ్లే పంపుకుంటారు.